నా మాట చెల్లని ఇల్లు

కుట్టు ఫ్యాక్టరీ లైన్ మేడమ్ గారి సముఖానికి,

ఇందుమూలంగా ఈ ఇంటి సభ్యులందరికీ, అనగా ఇక్కడున్న ఇద్దరికీ అక్కడున్న ఒకరికీ, తెలియజేయడమేమనగా: ఈ నెల ఒకటో తారీఖు నుంచి బాత్రూమ్ కుళాయి పొద్దున్న ఏడు దాటాక ఇంటి పెద్దనైన నా సొంతం. ఎడమ చెప్పు ముందు తొడిగినా, కుడి చెప్పు ముందు తొడిగినా బడి ఉన్నచోటనే ఉండును గనుక, విప్పి తొడుగుట ఒక్కసారికి మించరాదు. దువ్వెనను దాచినవారు (నేనే) సాయంత్రంలోగా దానిని యథాస్థానమున పెట్టవలెను. మరియు ముఖ్యముగా, "మేమంతా క్షేమం, నీవు క్షేమమని తలుస్తాము" అను వాక్యమును ఈ ఇంట నోటితో గానీ రాతతో గానీ వాడరాదు. మీరినవారు వారం రోజులు అంట్లు తోమవలెను.

నవ్వింది చాలు. చివరి షరతు మాత్రం ఎగతాళికి కాదు, నిజంగానే అమల్లో ఉంది. పోయిన ఉత్తరంలో నువ్వు మొదటి లైన్లోనే "నేనిక్కడ క్షేమం" అని రాశావు. అలవాటు కొద్దీ రాశావు, ఎవరైనా అలాగే రాస్తారు. మన పిల్ల, అదే మన జడ్జమ్మ, ఆ ఒక్క లైనునే పట్టుకుంది. వేలు పెట్టి చదివింది, పెదాలు కదపకుండా చదివింది, నన్ను చదవమంది. నేను చదివితే "అలా కాదు, అమ్మ చదివినట్టు చదువు" అంది. నేను నీ గొంతు పెట్టి చదివాను, నా వంక ఎలా చూసిందో నీకు చెప్పక్కర్లేదు. సాయంత్రానికి మడత దగ్గర కాగితం చిరిగింది. కాగితం చిరిగితే అమ్మకి ఏదో అవుతుందని ఇంకో గంట ఏడుపు. అందుకని ఈసారి నీ కుశలం అడగను, మా కుశలం చెప్పను. కింద రాసినదంతా చదివి నువ్వే తేల్చుకో.

నువ్వడిగిన వాటికి వరసగా చెప్తాను.

దాని చేతులెలా ఉన్నాయన్నావు. వేళ్ళ కణుపుల దగ్గర పగుళ్ళు కాస్త మానాయి. నువ్వు పంపిన తెల్ల మందు రోజూ రాస్తున్నాను. "రాస్తున్నాను" అన్నది గొప్పకి. అదే రాసుకుంటుంది. నావి బోర్డుల రంగులు కలిపే చేతులు, టర్పెంటైన్ వాసన, దగ్గరకు రానివ్వదు. నువ్వు మిషన్ నూనె చేతులతో జడ వేస్తే మాత్రం కిక్కురుమనకుండా కూర్చునేది. నూనె మురికి కాదట, రంగు మురికట. ఏ చట్టంలో ఉందో జడ్జమ్మనే అడగాలి.

బడికి వేళకి వెళుతోందా అన్నావు. పోయిన నెల పద్దెనిమిది రోజులు ఆలస్యం, ఈ నెల ఆరు. టీచరు నన్ను పిలిచి నోటుపుస్తకం చూపించింది. పేజీ జల్లెడలా ఉంది. అక్షరం సరిగ్గా రాలేదని చెరుపుతుంది, చెరిపిన మరక ఉందని మళ్ళీ చెరుపుతుంది. తక్కిన పిల్లలు పది లెక్కలు చేసేసరికి ఇది రెండు చేస్తుంది. "తెలివి లేక కాదండీ, అందరికంటే ముందు దీనికే వస్తుంది జవాబు" అంది టీచరు. ఆటల్లో బంతి ముట్టుకోదు, నేల మీద దొర్లిందని. మొదట్లో పిల్లలు పిలిచేవాళ్ళట, ఇప్పుడు పిలవడం మానేశారట. ఆవిడ ఆ మాట చెప్తుంటే మనది పక్కనే నిలబడి బూట్ల వంక చూస్తోంది. నేను ఏదో హాస్యమాడి ఆ మాట దాటించేశాను. బయటికొచ్చాక నా హాస్యం నాకే చేదుగా అనిపించింది.

దాన్ని ఆటపట్టించడం మానావా అన్నావు. ఆ ప్రశ్నకి తర్వాత వస్తాను, తొందరపెట్టకు.

ఇక సెలవు సంగతి. "వచ్చే శుక్రవారం నుంచి ఆరు రోజులు మా లైన్లో మిషన్లు మారుస్తారు, పని ఉండదు, రమ్మంటావా" అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టావు. పిల్లని బుధవారాలు చూసే డాక్టరమ్మని అడిగాను. వద్దంది. "తల్లి ఇప్పుడొస్తే ఇన్నాళ్ళూ చేసిందంతా నీళ్ళపాలు, పరీక్షలయ్యేదాకా రావద్దనండి" అంది. డాక్టరు మాట. కాదనడానికి నువ్వెవరు, నేనెవరు? టికెట్టు తీసుకోకు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. నాకు నువ్వంటే కడుపుమంట. చాలా రోజుల్నుంచీ ఉంది. పెళ్ళైన కొత్తలో నువ్వు నాకంటే ఎక్కువ చదివావని ఉండేదే, అదనుకునేవు. అది కాదు, ఇది వేరే రకం.

ఫోన్లకి హద్దు లేనన్నాళ్ళూ పిల్ల నీకు రోజుకి ఎన్నిసార్లు చేసేదో నీకే తెలుసు. "అమ్మా, నీకేం కాలేదు కదా? ఏం కాదు కదా? నా వల్ల ఏం కాదు కదా?" మూడు ప్రశ్నలు. నీ దగ్గర్నుంచి మూడు జవాబులు, అదే వరసలో, అవే మాటలు. ఒక్క మాట అటూ ఇటూ అయితే మళ్ళీ మొదటినుంచి. నువ్వక్కడ అరవై మిషన్ల మోతలో ఒక చెవి మూసుకుని చెప్పేదానివి. నేనేమో ఇక్కడే, అదే గదిలో, చెయ్యి చాపితే తగిలే దూరంలో ఉండేవాణ్ణి.

"అమ్మకేం కాదే, నేను చెప్తున్నాగా!"

"నువ్వు చెప్తే లెక్కలోకి రాదు నాన్నా."

"ఎందుకు రాదే? నేనేమన్నా అద్దెకొచ్చానా?"

"నువ్వు నిజానికి చెప్తావో, ఆటకి చెప్తావో నాకు తెలీదు."

పదేళ్ళ పిల్ల ఆ మాట నెమ్మదిగా, నన్ను నొప్పించకుండా చెప్పింది. అదింకా మండింది. ఈ వీధి వీధంతా నా రాత నమ్ముతుంది. "ఇచ్చట తాళములు బాగుచేయబడును" అని నేను షట్టరు మీద రాస్తే జనం తాళాలు పట్టుకొస్తారు. "కుక్క ఉన్నది జాగ్రత్త" అని రాస్తే లోపల కుక్క లేకపోయినా గేటు ముట్టరు. నేను కన్న పిల్ల మాత్రం నా నోటి మాటని రెండు వేళ్ళతో తీసి పక్కన పెట్టేస్తుంది. రాత్రంతా రైలు ప్రయాణమంత దూరంలో ఉన్న నువ్వు ఫోన్లో "ఊఁ" అంటే అది ప్రాణం లేచొచ్చినట్టు ఊపిరి తీసుకుంటుంది. ఆ ఊపిరి వింటూ నిచ్చెన భుజాన వేసుకుని పనికి పోయేవాణ్ణి. నీ మీద కోపంతో ఆ రోజు రాసిన బోర్డుల్లో గీతలన్నీ లావుగా పడేవి.

డాక్టరమ్మ మీద కూడా కుళ్ళే. ప్రతి బుధవారం తలుపేసుకుని గంటసేపు కూర్చుంటారు. నేను బయట బెంచీ మీద. లోపల్నుంచి పిల్ల నవ్వు వినబడుతుంది. ఎన్నాళ్ళకి విన్నానో ఆ నవ్వు! ఎవరు నవ్వించారు? కళ్ళజోడు పెట్టుకుని పొడిపొడిగా మాట్లాడే మనిషి. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకీ చావులకీ కూడా జనాన్ని నవ్వించినవాణ్ణి, బెంచీ మీద పాత పత్రికలు తిరగేస్తున్నాను.

అయితే ఆవిడ చెప్పింది మాత్రం నా మట్టిబుర్రకి కూడా ఎక్కింది. దీన్ని ఓసీడీ అంటారట. తలలో ఉత్తుత్తి ప్రమాద గంట మోగుతుంది. అది ఉత్తుత్తిదని పిల్లకి సగం తెలుసు, అయినా మోత ఆగాలంటే కడగాలి, అడగాలి, చెరపాలి. చేస్తే కాసేపు ఆగుతుంది. మళ్ళీ మోగినప్పుడు ఇంకాస్త గట్టిగా మోగుతుంది. మొండితనమూ కాదు, గారాబమూ కాదు. "మీరు జాలిపడి జవాబు చెప్పిన ప్రతిసారీ దానికి మేత వేస్తున్నారు" అంది. నీకు ఫోన్లు ఆదివారం పది నిమిషాలే అని పెట్టింది అందుకే. మనిద్దరం ఇలా ఉత్తరాలు రాసుకుంటున్నదీ అందుకే.

ఆ జబ్బుకి పిల్లే ఒక పేరు పెట్టాలట, అప్పుడు అది వేరు, తను వేరు అని తెలుస్తుందట. నేను తలుపు సందులోంచి దొరగారు, హెడ్ క్లర్కు, అత్తగారు అని మూడు పేర్లు అందించాను. "నాన్నగారూ, మీరు బయట కూర్చోండి" అంది డాక్టరమ్మ. పిల్ల "నస" అని పెట్టింది. ఎందుకా పేరు అంటే, "మా నాన్న అమ్మని సతాయించినట్టే వదలకుండా సతాయిస్తుంది" అందట. చూశావా, చివరికి జబ్బులో వాటా దక్కింది నాకు!

ఇప్పుడు ఆటపట్టించడం సంగతి. ఇది నీకు చెప్పలేదు.

నువ్వెళ్ళిన రెండో నెలలో, ఇంకా డాక్టరమ్మ దగ్గరకు పోకముందు, ఇంట్లో సబ్బులు ఐస్‌ముక్కల్లా కరిగిపోతుంటే నాకో కొంటె ఆలోచన వచ్చింది. చెక్కముక్కని సబ్బు ఆకారంలో చెక్కి, అంచులు గరుకు కాగితంతో నున్నగా చేసి, గులాబీ రంగు ఎనామెల్ మూడు పూతలు వేశాను. కంపెనీ అక్షరాలు కూడా అచ్చం అలాగే రాశాను. చెయ్యి తిరిగిన పని అంటే అది. సబ్బుపెట్టెలో పెట్టి, తలుపు పక్కన నోరు మూసుకుని నిలబడ్డాను, ఇప్పుడు కేక వేస్తుంది, పకపకా నవ్వుతుంది అని. పావుగంట గడిచింది. కుళాయి పోతూనే ఉంది. లోపలికి వెళ్ళి చూస్తే అది ఏడుస్తూ ఆ చెక్కముక్కని చేతులకేసి రుద్దుకుంటోంది. కణుపుల దగ్గర ఎర్రగా ఉంది.

"నాన్నా, నురగ రావట్లేదు. నా చేతులకి అంత మురికి ఉందా?"

ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను. ఎగతాళికి చేశానని చెప్పాను. నవ్వలేదు, తిట్టలేదు. ఆ చెక్కని తిప్పి తిప్పి చూసి, "ఇది అచ్చం నిజం దానిలాగే ఉంది" అంది. అంతే. నా మాట చెల్లకుండా పోయింది ఆ రోజునుంచే. కాబట్టి కుళ్ళుకోవాల్సింది నీ మీద కాదని నాకూ తెలుసు. తెలిసినా కడుపులో మంట ఆరలేదు.

ఇక ఇంతకంటే పెద్ద తప్పు వినాలి నువ్వు. నీకు రోజూ చేసే ఫోన్లు ఆపిన నాలుగో రోజు, బడి వదిలాక అది తిన్నగా నేను పని చేస్తున్న చోటికి వచ్చింది. నేను మందుల దుకాణం మీద నిచ్చెనెక్కి ఉన్నాను. కింద నిలబడి తలెత్తింది.

"నాన్నా, అమ్మకేం కాదు కదా?"

నన్నడిగింది! నువ్వెళ్ళాక ఈ ఎనిమిది నెలల్లో మొదటిసారి నన్ను అడిగింది. డాక్టరమ్మ నేర్పిన జవాబు నాకు తెలుసు. "అడిగేది నస. నసకి నేను జవాబు చెప్పను, నీ పక్కన కూర్చుంటాను" అని చెప్పాలి. నోరు తెరిచి ఏమన్నానో తెలుసా?

"ఏం కాదు తల్లీ."

"నవ్వకుండా చెప్పు."

నిచ్చెన దిగి, బ్రష్ కింద పెట్టి, మూతి బిగించి చెప్పాను. మూడుసార్లు చెప్పాను. నా పెదాల చివరలు వంగాయా లేదా అని దగ్గరగా చూసి, చివరికి ఊపిరి వదిలింది. ఫోన్లో నీకు వదిలే ఆ ఊపిరే. నాకు ఒళ్ళు తేలిపోయింది. నీ మీద గెలిచినట్టుగా ఉంది. ఆ సాయంత్రం దుకాణం పేరు కింద అడగకపోయినా పువ్వులు కూడా గీశాను.

అలా తొమ్మిది రోజులు. ఎవరికీ తెలియకుండా. ఇంట్లో, దారిలో, బడి గేటు దగ్గర. మూడు కాస్తా పదయ్యాయి, పది కాస్తా నలభై అయ్యాయి. నేను భోజనం ముద్ద నోట్లో పెట్టుకుంటే, మింగి మళ్ళీ చెప్పమనేది. చేతుల కడుగుడు మళ్ళీ పెరిగింది. ఆలస్యం అయిన ఆరు రోజులూ ఆ తొమ్మిదింట్లోవే. అయినా మానలేదు నేను. అది నా దగ్గరకే వస్తోంది కదా అన్న సంబరంలో పిల్ల మొహం వంక చూడ్డమే మరిచాను.

బుధవారం డాక్టరమ్మ నన్నూ లోపలికి పిలిచింది. "ఇంట్లో జవాబులు ఎవరు చెప్తున్నారు?" అంది మెల్లిగా. పిల్ల నన్ను పట్టివ్వకూడదని పళ్ళు బిగించి, కిటికీ వంక చూస్తూ కూర్చుంది. అంత చిన్నది, అంత భయంలో ఉండి, నన్ను కాపాడుతోంది! నేనే చెప్పేశాను. డాక్టరమ్మ తిడుతుందనుకున్నాను. "మీరొక్కరే కాదు, ప్రేమ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతుంది" అంది. తిట్టినా బాగుండేది.

మర్నాడు సాయంత్రం మెట్ల మీద కూర్చున్నాం. అడిగింది. నేర్పిన జవాబు చెప్పాను. మళ్ళీ అడిగింది. ఊరుకున్నాను. బడి సంచితో నా వీపు మీద కొట్టింది.

"నువ్వు చెడ్డ నాన్నవి! అమ్మయితే చెప్పేది!"

ఆ దెబ్బ సంచి దెబ్బ కాదు. నా నాలుక చివరిదాకా వచ్చింది జవాబు. జాలితో కాదు, అబద్ధమెందుకు, నీకంటే ఒక మెట్టు కిందికి దిగిపోతానన్న మంటతో. పళ్ళకింద నాలుక నొక్కిపెట్టాను.

"పదికి భయం ఎంతుంది?" అన్నాను, డాక్టరమ్మ నేర్పిన కొలతే.

"పది. పదకొండు."

"పది వరకే ఉన్నాయి అంకెలు. పదకొండు కావాలంటే బోర్డు కొత్తగా రాయాలి, కూలీ పడుతుంది."

నవ్వలేదు. పక్కింటావిడ బట్టలు తీస్తూ మమ్మల్ని తొంగిచూసింది. సైకిళ్ళ మీద పిల్లలు పోయారు. కాసేపటికి "తొమ్మిది" అంది. చాలాసేపటికి "ఏడు". ఏడు దగ్గర ఆగిపోయి మళ్ళీ ఏడ్చింది. నేను ఏమీ చెప్పలేదు, ఏ వేషమూ వేయలేదు. నా జన్మలో అంతసేపు హాస్యమాడకుండా కూర్చోవడం అదే మొదలు. నలభై నిమిషాలు దాటాక "నాలుగు" అంది. ఆ తర్వాత అంకె చెప్పడం మరిచిపోయి, "నాన్నా, ఆకలేస్తోంది" అంది.

లోపలికెళ్ళి రెండు గుడ్లు వేయించాను. చేతులు ఒక్కసారే కడుక్కుని తింది. అప్పటినుంచి రోజూ మెట్ల మీద కూర్చుంటున్నాం. ఒక్కోరోజు ఇరవై నిమిషాలు, ఒక్కోరోజు గంట. నిన్న మొత్తం చెడిపోయింది, బూట్లు కడిగి కడిగి నానబెట్టేసింది, బడికే పోలేదు. తగ్గిపోయిందని రాయడం లేదు నీకు. ఆ మెట్టు మీద నా పక్కన చోటు ఒకటి ఏర్పడింది, అంతే.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం. అది బల్లకి అటువైపు కూర్చుని నీకే ఉత్తరం రాస్తోంది. డాక్టరమ్మ ఇచ్చిన ఇంటిపని అది. పది లైన్లు రాయాలి, రబ్బరు ముట్టకూడదు, ఏది ఎలా పడితే అలాగే వదిలేయాలి. తోడుగా నేనూ రాయాలి, నేనూ కొట్టేయకూడదు, కాగితం చింపకూడదు. నా మీద కాపలా కూడా దానిదే. ఇందాక మూడో లైన్లో దాని అక్షరం ఒకటి పక్కకి ఒరిగింది. పెన్సిలు ఆపేసింది. చెవులు ఎర్రబడ్డాయి. వేలితో ఆ అక్షరం మీద రెండుసార్లు రుద్దింది. తర్వాత చెయ్యి తీసి పక్క మాటలోకి పోయింది.

ఇంకో లైను రాశాక తలెత్తింది.

"నాన్నా, అమ్మ వస్తుందా?"

నేను ఎప్పటిలాగే, "ఇది అడిగేది నసేనా?" అన్నాను.

కాసేపు ఆలోచించింది. "కాదు నాన్నా. నేనే అడుగుతున్నా."

ఒక్కసారే అడిగింది. రెండోసారి అడగలేదు. నా పెదాల వంక చూడలేదు. నేనేం చెప్తే అదే నమ్మడానికి సిద్ధంగా, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఇన్ని నెలలుగా నీ దగ్గర చూసి నేను ఏడ్చిన నమ్మకం అదే. అది నా చేతికి వచ్చిన రోజున నా దగ్గర దానికివ్వడానికి ఒక దొంగ మాట ఉంది. "ఉత్తరం రాస్తున్నాగా, ఉండు" అన్నాను.

ముందు పేజీలో నీ సెలవు గురించి రాసింది ఇంకోసారి చదువుకో. కొట్టేద్దామంటే పిల్ల చూస్తోంది, కాబట్టి అది అక్కడే ఉంటుంది. నువ్వొస్తే అది మళ్ళీ నీ ఒళ్ళోకి పోతుంది, మెట్టు మీద నా పక్కన ఎవరూ ఉండరు, అని రాశాను ఆ మాట. డాక్టరమ్మ నిజంగా అన్నది ఇది: "ఆవిడకి సెలవు దొరికితే తప్పకుండా రమ్మనండి, ఇద్దరికీ కలిపి నేర్పిస్తాను, ఒక్కరే మోయలేరు." శుక్రవారం బండికి టికెట్టు తీసుకో. రావద్దన్నది డాక్టరమ్మ కాదు, ఆ మాట మొత్తం నేను పుట్టించిందే.

ఇట్లు,
నీ పిల్ల నాన్న